తొమ్మిదిమందితో ఆట సాగదు

ఈ వారం ఉత్తరాల్లో ఒక అమ్మాయి ఇలా రాసింది: "డాక్టరుగారూ, మా నాన్నగారి వయసు అరవై ఒకటి. రెండేళ్ళ క్రితం ఉద్యోగం విరమించారు. ఆర్నెల్లుగా సరిగా తినరు. తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చుంటారు. ఎవరన్నా వస్తే లోపలికి వెళ్ళిపోతారు. గుండె పరీక్ష, స్కానింగు, రక్తపరీక్షలు అన్నీ చేయించాం. ఏమీ లేదన్నారు. ఏ టానిక్కు వాడితే మనిషి కోలుకుంటారో దయచేసి తెలుపగలరు."

ఇలాంటి ఉత్తరాలకు మామూలుగా నేను నాలుగు వాక్యాల్లో జవాబు రాసేస్తాను. థైరాయిడ్, బి12 చూపించమంటాను. రాత్రిపూట కాఫీ మానమంటాను. చివర్న "నలుగురిలో తిరగమనండి" అంటాను. ఇన్నేళ్ళ సర్వీసులో ఆ ఆఖరి మాట కొన్నివేలమందితో అనివుంటాను. అదికూడా మందేనని, దానికీ మోతాదు వుంటుందని, అది ఎక్కడ దొరుకుతుందో చెప్పకుండా చీటీ రాస్తే రోగికి ప్రయోజనం లేదని నాకు ఏభై దాటాక తెలిసింది. ఎలా తెలిసిందో ఈ వారం చెబుతాను. డాక్టరు సొంత గోడు మనకెందుకని పేజీ తిప్పేయకండి. అమ్మాయి ఉత్తరానికి జవాబు ఇందులోనే వుంది.

నా భార్య 2021 మే నెల మూడోవారంలో, కరోనా రెండోసారి విజృంభించినప్పుడు పోయింది. ఆ రోజుల్లో నాకు కోవిడ్ వార్డు డ్యూటీ. ఇంటికి రాగానే బట్టలు పెరట్లోనే విడిచి, స్నానంచేసి, వేరే గదిలో పడుకునేవాణ్ణి. అయినా జబ్బు ఇంట్లోకి వచ్చింది. ఏ దారిన వచ్చిందో ఏ డాక్టరూ చెప్పలేడు. పాలుపోసే మనిషి ద్వారా కావచ్చు, పక్కింటివాళ్ళ ద్వారా కావచ్చు. నాకు మాత్రం ఒకటే దారి కనపడేది, అది నేను. ఒంటినిండా తెల్లతొడుగులు వేసుకున్న నలుగురు, మొహం తెలియని మనుషులు, ఆవిణ్ణి తీసుకెళ్ళారు. అమెరికాలో వున్న మా అబ్బాయి ఫోనులో చూశాడు. రేపల్లెలో వున్న అత్తగారిని రావద్దని నేనే చెప్పాను.

మా ఇల్లు తెనాలిలో. ఆవిడ పూజగది తలుపు దగ్గరకు వేసి గొళ్ళెం పెట్టాను. ఇక తియ్యలేదు. దేవుడిమీద కోపం అని కూడా అనలేను. కోపం వుంటే మాట్లాడుతున్నట్టేగదా! మా మధ్య మాటలే లేవు.

ఉద్యోగం బాపట్లలో. పొద్దున్నే రైలెక్కి వెళ్ళడం, ఓ.పి.లో కూర్చోవడం, సాయంత్రం మళ్ళీ రైలు. రాత్రికి ఇంత అన్నం, పెరుగు, గోంగూర పచ్చడి. ఒక్కడికోసం కూర ఏం చేసుకుంటామని పచ్చడితోనే సరి. ఏడాదిలో తొమ్మిది కిలోలు తగ్గాను. రోజుకు ఏభైమంది చేతులకు పట్టీ కట్టి బి.పి. చూసేవాణ్ణి, నా చేతికి ఒక్కసారీ కట్టుకోలేదు. భార్యగానీ భర్తగానీ పోయిన మొదటి కొన్ని నెలల్లో మిగిలినవారికి ప్రాణాపాయం పెరుగుతుందని, ఆడవాళ్ళకన్నా మగవాళ్ళలో ఇది ఎక్కువని చాలా దేశాల్లో లెక్కలు తేల్చారు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి ఊరుకున్నాను.

2022 జూన్‌లో ఒకనాడు రైల్లో కునుకు పట్టింది. ఎవరో భుజం తట్టారు. "డాక్టరుగారూ, స్టూవర్టుపురం కూడా దాటింది. మీరు బాపట్లలో గదా దిగాలి?" తెనాలినుంచి చీరాల వెళ్ళి పనిచేసే రైల్వే గుమాస్తా ఆయన. మొహం ఎరిగినవాడే. ఇద్దరం చీరాలలో దిగాం. నాకు టీ ఇప్పించి, "వారంలో ఇది రెండోసారి సార్. మొన్నకూడా మిమ్మల్ని ఈ ప్లాట్‌ఫారంమీదే చూశాను" అన్నాడు. నేనేమీ మాట్లాడలేదు. కాసేపుండి, "కాలేజీ రోజుల్లో మీరేమన్నా ఆడేవారా?" అని అడిగాడు. గుంటూరు మెడికల్ కాలేజీలో బాల్ బ్యాడ్మింటన్ ఆడేవాణ్ణన్నాను. మనిషి మొహం వెలిగిపోయింది. "అయితే రేపు పొద్దున్న అయిదున్నరకు హైస్కూలు గ్రౌండుకు రండి. మాలో ఒకాయన కూతురి పురిటికని హైదరాబాదు వెళ్ళాడు. తొమ్మిదిమందిమి మిగిలాం. తొమ్మిదిమందితో ఆట సాగదు."

ఓదార్పు మాట ఒక్కటి అనలేదు. జాలిపడి పిలిస్తే వెళ్ళేవాణ్ణి కాదు. లెక్క తక్కువైందని పిలిచాడు. వెళ్ళాను.

ఈ తరం పిల్లలు షటిల్ తప్ప ఎరగరు కాబట్టి ఈ ఆట గురించి రెండు ముక్కలు చెప్పాలి. తంజావూరు ప్రాంతంలో పుట్టిన ఆట ఇది. పసుపుపచ్చ ఉన్ని బంతి, షటిల్ బ్యాటుకన్నా బరువైన బ్యాటు, ఇరవై నాలుగు మీటర్ల పొడవు, పన్నెండు మీటర్ల వెడల్పు వున్న మట్టి కోర్టు. బంతి నేలను తాకకూడదు. పక్కకు అయిదుగురు. మన తెలుగు జిల్లాల్లో ఒకప్పుడు హైస్కూలున్న ప్రతి ఊళ్ళో సాయంత్రం ఈ ఆట సాగేది. వరంగల్లులో స్థిరపడిన జమ్మలమడక పిచ్చయ్యగారికి ఈ ఆటలోనే 1970లో అర్జున అవార్డు వచ్చింది. నూరేళ్ళు దాటి బతికి 2021 డిసెంబరులో కన్నుమూశారాయన. ఆటవల్లే అన్నేళ్ళు బతికారని డాక్టరుగా నేను అనను, మా గ్రౌండులోవాళ్ళు మాత్రం అంటారు.

అయిదుగురు చొప్పున పదిమంది కావాలనేదే ఈ ఆటలో వున్న అసలు రహస్యం. నడకకు మీరొక్కరు చాలు, కాబట్టి మీరు మానేస్తే ఎవరికీ తెలియదు. ఇక్కడ మీరు మానేస్తే మిగతా తొమ్మిదిమంది నడుముకు చేతులు పెట్టుకుని గేటువైపు చూస్తుంటారు.

మొదటి రోజు పది నిమిషాల్లో ఆయాసం వచ్చి కూలబడ్డాను. మా జట్టులో పెద్దవారు అరవై ఆరేళ్ళ రిటైర్డు లెక్కల మేష్టారు. ఇంకా ఒక లారీ మెకానిక్కు, ఒక టైలరుగారు, తవుడు వ్యాపారం చేసే ఆయన, ఆదివారం చర్చిలో పాటలు పాడించే స్కూలు టీచరు, బ్యాంకు ప్యూను, ఇద్దరు కుర్రాళ్ళు. నా ఆయాసం చూసి మెకానిక్కు తన స్కూటరు డిక్కీలోంచి బి.పి. మిషను తీశాడు. వాళ్ళ నాన్నకోసం కొన్నాడట. గ్రీజు మరకల చేత్తో నా దండకు పట్టీ కట్టాడు. 176, 104. "ఊళ్ళోవాళ్ళ బి.పి. మీరు చూస్తారు, మీ బి.పి. ఎవరు చూస్తారు సార్?" అన్నాడు. జవాబు లేదు. ఆ వారమే మాత్రలు మొదలుపెట్టాను. మానసిక వైద్యుడైన మా క్లాసుమేటు దగ్గరకు వెళ్ళి దిగులు మనసుకు కూడా ఆర్నెల్లు మందులు వాడాను. ఈ మాట కావాలనే రాస్తున్నాను. ఆటతోనే అన్నీ నయమైపోయాయని చెబితే అది అబద్ధం అవుతుంది.

హైదరాబాదు వెళ్ళినాయన మనవణ్ణి చూసుకుని నెల్లాళ్ళకు తిరిగొచ్చాడు. ఇక నా అవసరం లేదనుకుని మర్నాడు వెళ్ళలేదు. ఆరింటికి ఫోను. తియ్యలేదు. రెండోరోజూ వెళ్ళలేదు. ఆరున్నరకు గేటు చప్పుడైంది. టైలరుగారు, చేతిలో ఇడ్లీ పొట్లం. "పదకొండోవాడు వుంటే ఒకరు కూర్చుని పాయింట్లు లెక్కపెట్టచ్చు. రోజూ లెక్క దగ్గరే కొట్టుకుంటున్నాం సార్" అన్నారు. నిజంగానే కొట్టుకుంటారు. బంతి గీతమీద పడిందా, బయట పడిందా అని మేష్టారు, తవుడు వ్యాపారి మూడురోజులు మాట్లాడుకోకపోవడం నేను చూశాను. కొత్త బంతుల డబ్బు ఎవరు ఎగ్గొట్టారన్న వివాదం ఇంకా తేలలేదు. నెట్టు ఎవరింట్లో పెట్టాలన్నది మరో గొడవ. ఇదేదో సాధుసంఘమని అనుకునేరు! అయినా రెండురోజులు రానివాడి గేటు మూడోవాడు తట్టాలనే అలవాటు మాత్రం ఎవరూ తప్పలేదు. దానికి నియమావళి లేదు, సభ్యత్వ రుసుము లేదు.

డెన్మార్కు రాజధాని కోపెన్‌హేగన్‌లో 8,577 మందిని పాతికేళ్ళదాకా గమనించి 2018లో ఫలితాలు ప్రకటించారు. ఏ వ్యాయామమూ చేయనివారితో పోలిస్తే జాగింగు చేసేవారు సుమారు 3.2 ఏళ్ళు, జిమ్ముకు వెళ్ళేవారు 1.5 ఏళ్ళు, షటిల్ బ్యాడ్మింటన్ ఆడేవారు 6.2 ఏళ్ళు, టెన్నిస్ ఆడేవారు 9.7 ఏళ్ళు ఎక్కువ బతికారట. నలుగురితో కలిసి ఆడే ఆటల్లోనే లాభం ఎక్కువ కనపడిందని ఆ పరిశోధకులే రాశారు. అయితే ఆరోగ్యం, తీరిక, డబ్బు వున్నవాళ్ళే టెన్నిస్ ఆడతారుగదా, అందుకే ఎక్కువకాలం బతికారేమో అని కూడా అనుమానించాలి. ఆటే ఆయుష్షు పెంచిందని ఆ లెక్కలు రుజువు చెయ్యవు. నా అనుభవం మాత్రం ఆ లెక్కలవైపే మొగ్గుతోంది.

ప్రాణం విలువ తెలిసిన రోజు కూడా ఒకటుంది. 2022 దసరాలకు ముందు ఒక ఉదయం తవుడు వ్యాపారి ఆట మధ్యలో దవడ పట్టుకుని కూర్చున్నాడు. చెమటలు కారుతున్నాయి. "గ్యాసు, ఒక సోడా తెప్పించండి" అన్నాడు. నలభై ఎనిమిదేళ్ళ మనిషి, రోజుకు పది సిగరెట్లు. దవడలోకో, ఎడమచేతిలోకో, రెండు భుజాల మధ్యకో పాకే నొప్పి, చల్లని చెమట, ఈ రెండూ కలిస్తే సోడా తెప్పించకూడదు, 108కి ఫోను చెయ్యాలి. నా సంచిలో ఆస్పిరిన్ వుంది, నమిలించాను. (మీరు మాత్రం డాక్టరు చెప్పకుండా ఆ పని చెయ్యకండి. రక్తస్రావం, ఎలర్జీ వున్నవారికి అది ప్రమాదం.) అంబులెన్సు వచ్చేలోపు ఒకడు గేటు తీసిపెట్టాడు, ఒకడు ఇంటికి కబురుచేశాడు, ఒకడు డబ్బు తెచ్చాడు. ఆస్పత్రి వరండాలో మూడు రాత్రులు వంతులవారీగా పడుకున్నారు. ఒకరు వైకుంఠపురం వెంకటేశ్వరస్వామి కుంకుమ తెచ్చారు, టైలరుగారు మసీదులో దువా చేయించారు, చర్చి పాటల టీచరు మంచం పక్కన కళ్ళుమూసుకుని నిలబడ్డాడు. నాకు మొక్కడానికి ఎవరూ లేరు. కేసుషీటు చదువుతూ నిలబడ్డాను. ఆ ముగ్గురి మొహాలూ చూస్తే మొట్టమొదటిసారి అసూయ కలిగింది. ఆయన బతికాడు. ఆట మాన్పించాం, సిగరెట్లూ మాన్పించాం. ఇప్పుడు పాయింట్లు లెక్కపెట్టేది ఆయనే. మేష్టారితో తగాదా మాత్రం మానలేదు.

ఆ డిసెంబరులో ఒక ఆదివారం రేపల్లెవాళ్ళు స్నేహపూర్వక పోటీకి పిలిచారు. నాకు కాళ్ళు ఆడలేదు. రేపల్లె నా అత్తవారి ఊరు. ఏడాదిన్నరగా ఆ గడప తొక్కలేదు. ఏ మొహంతో తొక్కను? నడుంనొప్పి అన్నాను. రైల్వే గుమాస్తా నవ్వి, "మీరు రాకపోతే ఎంతమందిమో లెక్కెట్టుకోండి" అన్నాడు. లాయంలో వున్న తవుడు వ్యాపారి పోతే సరిగ్గా పదిమందిమి. వేమూరు, భట్టిప్రోలు మీదుగా పొద్దున్నే రైల్లో వెళ్ళాం. ఆ రైలు రేపల్లె దాటి ఎక్కడికీ పోదు, తప్పించుకుని ముందుకు వెళ్ళే వీలు లేదు.

మ్యాచి ఓడిపోయాం. మధ్యాహ్నం టైలరుగారు నా పక్కకొచ్చి, "అత్తగారిల్లు ఎటుసార్? నేనూ వస్తాను, మంచినీళ్ళు తాగొద్దాం" అన్నారు. మంచినీళ్ళు గ్రౌండులోనే వున్నాయి. ఆయనకూ తెలుసు.

డెబ్భై ఎనిమిదేళ్ళ మా అత్తగారు అరుగుమీద కూర్చుని వత్తులు చేసుకుంటోంది. కాన్వాసు బూట్లు, చేతిలో బ్యాటుతో వచ్చిన అల్లుణ్ణి కళ్ళు చికిలించి చూసింది. "అన్నం తిన్నారా నాయనా?" అన్నది ముందు. తరవాత "చిక్కిపోయారు" అన్నది. నేను మెట్టుమీదే కూర్చుని, ఏడాదిన్నరగా గొంతులో వున్న మాట అనేశాను. "అత్తయ్యగారూ, ఆ జబ్బు ఇంటికి తెచ్చింది నేనే అయివుంటాను."

ఆవిడ చేతిలో వత్తి పూర్తయ్యేదాకా మాట్లాడలేదు. "రోజూ రాత్రి అది నాకు ఫోను చేసేది. ఇవాళ మీ అల్లుడు ఆరుగురిని ఇంటికి పంపించారమ్మా, ఇవాళ నలుగురిని పంపించారమ్మా అని లెక్క చెప్పేది. ఆ ఇంటికెళ్ళినవాళ్ళకూ అమ్మలు వుంటారుగదా. మిమ్మల్ని ఆస్పత్రికి పోవద్దని అదీ అనలేదు, నేనూ అనలేదు" అన్నది. ఇంకాసేపటికి, "దీపం పెడుతున్నారా?" అని అడిగింది. తల వంచుకున్నాను. ఆవిడేమీ అనలేదు. చేసిన వత్తులన్నీ కాగితంలో చుట్టి ఇచ్చింది. నా చేతులు వణుకుతున్నాయని టైలరుగారు ఆ పొట్లం అందుకుని, నలక్కుండా బంతుల డబ్బాలో పెట్టారు.

ఇంటికి తెచ్చి టేబులుమీద పెట్టాను. నాలుగునెలలు అక్కడే వుంది.

2023లో వైశాఖం ఏప్రిల్ నెలాఖరుకే వచ్చింది. ఆవిడ తిథినాడు పురోహితుణ్ణి ఒక్కణ్ణే రమ్మన్నాను. ఎవరికీ చెప్పలేదు. ఎనిమిది గంటలకు గేటు తీసుకుని ఒకరి తరవాత ఒకరు అందరూ వచ్చారు. గుమాస్తా తేదీ ఎక్కడ తెలుసుకున్నాడో ఇప్పటికీ చెప్పడు. 2021లో ఆవిణ్ణి సాగనంపడానికి ఊళ్ళో ఒక్కరు రాలేకపోయారు. ఆ రోజు రావలసినవాళ్ళు రెండేళ్ళు ఆలస్యంగా వచ్చినట్టు వరండా నిండిపోయింది. పురోహితుడు దీపం కుంది అడిగాడు. అది పూజగదిలో వుంది. గొళ్ళెం బిగుసుకుపోయింది, మెకానిక్కు రెండు చుక్కలు నూనె వేసి లాగాడు. లోపల ఎండిపోయిన మందారాలు, సగం వాడిన అగ్గిపెట్టె, ఆవిడ కళ్ళజోడు. టైలరుగారు గుమ్మం బయటే నిలబడి చీపురు అందించారు. పాటల టీచరు నీళ్ళు తెచ్చాడు. మేష్టారు నన్ను కాసేపు ఒంటరిగా వదిలి తలుపు దగ్గరకు వేశారు.

వత్తులు బాగానే వెలిగాయి.

ఇప్పుడు అయిదింటికి దీపం పెట్టి గ్రౌండుకు వెళతాను. మంత్రాలు రావు. ఆవిడ ఏం చదివేదో ఎప్పుడూ శ్రద్ధగా వినలేదు. రెండు నిమిషాలు ఊరికే నిలబడతాను, రాత్రి ఓ.పి.లో మిగిలిన కష్టమైన కేసులు ఒకటీ రెండూ చెప్పుకుంటాను. అవతల ఎవరో వింటున్నారనే అనిపిస్తుంది. పరీక్షలో తేలే సంగతి కాదు కాబట్టి అంతకుమించి రాయలేను.

అప్పటినుంచి బాపట్ల ఓ.పి.లో నా పద్ధతి మారింది. "నలుగురిలో తిరగండి" అనడం మానేశాను. "ఎవరితో నడుస్తారు? రేపు మీరు రాకపోతే ఎవరు ఫోను చేస్తారు?" అని అడుగుతాను. ఎవరూ లేరంటే చీటీ వెనక ఏ గ్రౌండు, ఎన్నింటికి, ఎవర్ని కలవాలి అన్నది రాసిస్తాను. ఇందులో నాకు తృప్తిలేని సంగతి ఒకటుంది. నేను రాసిచ్చేవన్నీ మగవాళ్ళ గుంపులే. భర్తపోయిన ఆడవాళ్ళు వచ్చి కూర్చుంటే చీటీ వెనకవైపు ఖాళీగా వుంటోంది. స్కూల్లో టెన్నికాయిట్ ఆడిన ఆడవాళ్ళు మన ఊళ్ళలో వందలమంది వున్నారు. ఒక రబ్బరు రింగు, ఒక నెట్టు, అపార్టుమెంటు కింద ఇంత జాగా చాలు. మెకానిక్కు భార్య మరో ఇద్దరిని పోగుచేసింది. నాలుగోమనిషికోసం చూస్తున్నారు.

ఇక అమ్మాయికి జవాబు. మీ నాన్నగారికి వున్నది దిగులు జబ్బు కావచ్చు. నిద్ర, ఆకలి రెండువారాలకుమించి చెడితే మానసిక వైద్యుడికి చూపించాలి, అందులో నామోషీ లేదు. "నేను లేకపోతేనే మేలు" లాంటి మాట ఒక్కసారి అన్నా ఆలస్యం చెయ్యకండి. 14416 నంబరుకు ఫోను చేస్తే రాత్రీ పగలూ ఉచితంగా మాట్లాడతారు, తెలుగులోనే. ఆటకు పంపేముందు బి.పి., షుగరు చూపించండి. సిగరెట్లు తాగినా, వంశంలో చిన్నవయసు గుండెపోట్లు వున్నా డాక్టరు సరే అన్నాకే బ్యాటు పట్టాలి. ముందు నెల్లాళ్ళు నడక, తరవాత ఆట. ఆటకు ముందు పది నిమిషాలు ఒళ్ళు వేడెక్కించుకోకపోతే ఈ వయసులో మడమనరం, భుజం దెబ్బతింటాయి. వేసవిలో ఏడు గంటలకల్లా ఇంటికి వచ్చెయ్యాలి.

టానిక్కు పేరు రాయలేదని కోప్పడకు తల్లీ. మీ నాన్నగారు చదువుకునే రోజుల్లో ఏ ఆట ఆడేవారో మీ అమ్మగారిని అడిగి, మీ ఊరి పేరుతోసహా వెంటనే రాయి. అక్కడ పొద్దున్నపూట ఎవరికి ఒక మనిషి తక్కువయ్యాడో నేను వాకబు చేస్తాను.